చూసే పిల్లలు, చేసే పిల్లలు

ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది ఇంట్లో ఉన్న చిన్నపిల్లల గురించి. "మాకింకా పెళ్లే కాలేదు, ఇది మాకెందుకులే" అని స్క్రోల్ చేసేయకండి. మీరు ఎవరికో ఒకరికి బాబాయో, పిన్నో, మేనమామో, మేనత్తో అయ్యే ఉంటారు. లేదంటే ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లో ఉంటారు. నిజానికి ఈ ఎపిసోడ్ మీకోసమే. పిల్లల చేతికి ఎక్కువగా ఫోన్ ఇచ్చేది మనమే. దాన్ని కాసేపు పక్కన పెట్టించగలిగేదీ మనమే.

మా అక్కకి ఇద్దరు పిల్లలు. మేనకోడలికి తొమ్మిదేళ్లు, మేనల్లుడికి ఐదు. ఆ అమ్మాయి క్రాఫ్ట్ వీడియోలు తెగ చూస్తుంది. ఒకసారి అడిగాను, "నీకు కాగితంతో పడవ చేయడం వచ్చా?" అని. "వచ్చు మామా, చూశాను" అంది. కాగితం చేతికిచ్చాను. రెండు మడతలు పెట్టి ఆగిపోయింది. అందులో ఆ పిల్ల తప్పేం లేదు. మనం కూడా అంతే కదా. బిర్యానీ వీడియోలు వంద చూసి ఉంటాం, గిన్నె పొయ్యి మీద పెట్టింది మాత్రం ఒక్కసారీ లేదు.

పెద్దవాళ్లకి అది టైమ్ పాస్. పిల్లల విషయం వేరు. వీడియోలో అన్నీ మొదటిసారికే కుదిరిపోతాయి. చినిగిన కాగితం, ఊడిపోయిన జిగురు, అన్నీ ఎడిటింగ్‌లో పోతాయి. మన ఇంట్లో మొదటిసారి కుదరదు. అప్పుడు పిల్లలు "నాకు రాదు" అని వదిలేస్తారు. నా భయమల్లా ఆ మాట గురించే. ఏడెనిమిదేళ్లకే "నాకు రాదు" అనడం అలవాటైతే, రేపు లెక్కల పుస్తకం ముందు కూడా అదే మాట వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చిన్నపిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చింది. రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దు, ఎంత తక్కువైతే అంత మంచిది అని. ఇది మనలో చాలామంది ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. కానీ ఇంట్లో అమ్మ ఒక్కతే వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, మధ్యలో ఆఫీసు కాల్ మాట్లాడుతూ ఉంటే, పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టక ఏం చేస్తుంది? ఆమెని అనడం అన్యాయం. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఆదివారం ఒక్క అరగంట మీరు కూర్చోండి.

కూర్చుని ఏం చేయాలి? అదే చెప్తా. ఏ ఆట ఆడినా మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఊహించు, చేయి, చెప్పు. ముందు "ఏమవుతుందో చెప్పు చూద్దాం" అని అడగాలి. తర్వాత వాళ్ల చేతులతోనే చేయించాలి. చివర్లో "ఏమైంది, ఎందుకైంది?" అని వాళ్లని చెప్పనివ్వాలి. జవాబు మనకి తెలిసినా ఒక్క నిమిషం నోరు కట్టేసుకోవాలి. కష్టమైన పని అదే. వీడియో ఆ నిమిషం ఇవ్వదు, టకామని చూపించేస్తుంది. పిల్లాడి బుర్ర పనిచేసేది ఆ నిమిషంలోనే.

మొదటిది వంటింట్లోంచి. పసుపు కాగితం. రెండు చెంచాల పసుపులో కొంచెం నీళ్లు పోసి ముద్దలా కలిపి, తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టండి. ఆరాక పసుపుపచ్చ కాగితం రెడీ. ఇప్పుడు చిన్న గిన్నెల్లో నిమ్మరసం, పెరుగు, ఉప్పునీళ్లు, చక్కెరనీళ్లు, వంటసోడా కలిపిన నీళ్లు, సబ్బునీళ్లు పెట్టండి. ఒక్కో దాంట్లో ఇయర్‌బడ్ ముంచి కాగితం మీద గీయాలి. గీసే ముందు ఊహించాలి, ఏది రంగు మారుస్తుంది? మా వాడు నిమ్మకాయ అన్నాడు. చాలామంది పిల్లలు అదే అంటారు, పుల్లగా ఉంది కాబట్టి.

గీసి చూస్తే నిమ్మరసానికి ఏమీ కాదు. సోడానీళ్లకి, సబ్బునీళ్లకి మాత్రం ఎర్రగా మారుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు! ఇక వాళ్లని ఆపడం మీ వల్ల కాదు. ఇంట్లో కనిపించిన ప్రతిదీ తెచ్చి రాస్తారు.

ఇప్పుడు "ఇది ఎక్కడైనా చూశావా?" అని అడగండి. తెల్ల యూనిఫాం మీద సాంబార్ పడితే, అమ్మ సబ్బు పెట్టగానే మరక ఎర్రబడుతుంది కదా, అదే ఇది. హారతి పళ్లెంలో, దిష్టి తీసేటప్పుడు కలిపే ఎర్రనీళ్లు కూడా అంతే, పసుపులో సున్నం పడితే ఎరుపు. కాళ్లకి పెట్టే పారాణి కూడా. మన అమ్మమ్మలకి ఈ కెమిస్ట్రీ ఎప్పుడో తెలుసు, పేరే వేరు. సున్నం, సబ్బు, సోడా క్షారాలు. నిమ్మ, పెరుగు ఆమ్లాలు. ఒక జాగ్రత్త, పిల్లలతో చేసేటప్పుడు సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం. సబ్బు, సోడా చాలు.

పిల్లలు కొంచెం పెద్దవాళ్లైతే ఇంకో ప్రశ్న వేయండి. "మంచినీళ్లకీ రంగు మారలేదు, నిమ్మరసానికీ మారలేదు. మరి రెండూ ఒకటేనా?" పసుపు దీనికి జవాబు చెప్పలేదు. మందార పువ్వు చెప్తుంది. ఎర్ర మందార రేకుల్ని తెల్ల కాగితం మీద గట్టిగా రుద్దితే ఊదారంగు పడుతుంది. దాని మీద నిమ్మరసం రాస్తే గులాబీ ఎరుపు, సబ్బునీళ్లు రాస్తే ఆకుపచ్చ వైపు వెళ్తుంది. ఒక పరీక్ష సరిపోకపోతే ఇంకోటి వెతుక్కోవాలన్న సంగతి పిల్లలకి అక్కడ తెలుస్తుంది. సైన్స్ అంటే అదే కదండీ.

రెండోది అగ్గిపెట్టెల ఫోన్. మీలో చాలామంది చిన్నప్పుడు ఆడే ఉంటారు. అగ్గిపెట్టెలైనా సరే, టీ తాగే కాగితం కప్పులైనా సరే. అడుగున చిన్న కన్నం పెట్టి, దారం దూర్చి, లోపల అగ్గిపుల్ల ముక్కకి ముడి వేయాలి. పది మీటర్ల దారం చాలు. ఒకరు గదిలో, ఒకరు వరండాలో. ఇప్పుడు ప్రశ్నలు. దారం వదులుగా ఉంటే వినిపిస్తుందా? మధ్యలో వేళ్లతో గట్టిగా పట్టుకుంటే? తలుపు మూలకి ఆనించి మలుపు తిప్పితే? ఒక్కోటి ఊహించాకే చేయాలి. దారం బిగుతుగా ఉంటేనే వినిపిస్తుంది, పట్టుకుంటే ఆగిపోతుంది. మాట అంటే వణుకు, ఆ వణుకు కప్పు అడుగు నుంచి దారం గుండా అవతలి కప్పుకి వెళ్తుంది. మనం ఈ వివరణ ఇవ్వక్కర్లేదు. మధ్యలో దారం పట్టుకున్న పిల్లకి వేళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు మూడో కప్పు దారాన్ని మధ్యలో ముడి వేసి, ముగ్గురూ మూడు వైపులా లాగి పట్టుకోండి. కాన్ఫరెన్స్ కాల్! రీఛార్జ్ అక్కర్లేదు.

మూడోది నానబెట్టిన శనగలు, టూత్‌పిక్‌లు. రాత్రి శనగలు నానేసి, పొద్దున నీళ్లు వంపేయండి. శనగలే ముడులు, పుల్లలే కర్రలు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం చేయమనండి. రెండిటినీ మెల్లగా పక్కకి నెట్టితే ఏది వంగుతుంది? చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం కదలదు. మరి ఆ చతురస్రాన్ని నిలబెట్టాలంటే ఏం చేయాలి? కాసేపు వదిలేయండి. అడ్డంగా ఒక పుల్ల పెట్టాలని వాళ్లకే తడుతుంది. అంటే దాన్ని రెండు త్రిభుజాలు చేసేశారన్నమాట. తర్వాత ఊరెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి కరెంటు టవర్లు, సెల్ టవర్లు, రైలు వంతెనలు చూపించండి. అన్నీ త్రిభుజాలే. చేత్తో చేసిన పిల్ల వాటిని లెక్కపెడుతుంది.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి, అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేసి, 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ బడిపిల్లల సైన్స్ కార్యక్రమంలోకి వెళ్లారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు కలిపి సరిగ్గా ఈ త్రిభుజాల ఆటే తయారుచేశారు. అక్కణ్ణుంచి జీవితమంతా పారేసే వస్తువులతో బొమ్మలు చేస్తూనే ఉన్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు, వీడియోలు నెట్‌లో ఫ్రీగా ఉంటాయి. మీరు చూడండి. చూసి ఫోన్ జేబులో పెట్టేసి, పిల్లల చేత చేయించండి.

నాలుగోది వామనగుంటలు. చెక్కపీట ఉంటే అదృష్టం, లేకపోతే నేల మీద సుద్దతో గీయండి. ఇటు ఏడు, అటు ఏడు, మొత్తం 14 గుంటలు. ఒక్కో దాంట్లో ఐదేసి చింతపిక్కలు, మొత్తం 70. మన వైపు ఏదైనా ఒక గుంటలోవి తీసి, వరసగా పక్క గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే, తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. తర్వాతి గుంట ఖాళీ అయితే, ఆ ఖాళీ పక్క గుంటలో ఉన్నవి మనవి, ఆట ఎదుటివాళ్లది. ఊరికో పద్ధతి, ఇంటికో పద్ధతి ఉంటుంది. మీ నానమ్మ వేరేగా చెప్తే ఆవిడ చెప్పిందే రైటు.

ఇందులో లెక్కలు ఎక్కడున్నాయంటారా? మొదటి రౌండ్ అయ్యాక చూడండి. ఒకరికి 38 వచ్చాయి, ఇంకొకరికి 32 అనుకుందాం. ఎవరి గుంటలు వాళ్లు ఐదేసి చొప్పున నింపుకోవాలి. 38 ఉన్నవాళ్లకి ఏడు గుంటలూ నిండి మూడు మిగులుతాయి. 32 ఉన్నవాళ్లకి ఆరే నిండుతాయి, రెండు మిగులుతాయి, ఒక గుంట ఖాళీ. భాగహారం, శేషం రెండూ అయిపోయాయి, ఎవరూ నోట్‌బుక్ తీయలేదు. ఐదేళ్ల పిల్లాడికి ఒక్కొక్కటి వేస్తూ లెక్కపెట్టడమే ఆట. తొమ్మిదేళ్ల పిల్ల మాత్రం "ఇక్కణ్ణుంచి తీస్తే చివరి పిక్క ఎక్కడ పడుతుంది?" అని ముందే చూసుకోవడం మొదలుపెడుతుంది. మా మేనకోడలు అలాగే నన్ను వరసగా ఓడిస్తోంది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం పిక్కలు, శనగలు వాళ్లకి అందనివ్వకండి. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

ఐదోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ముగ్గు. సందు చుక్కల ముగ్గు తెలుసు కదా. పై వరుసలో రెండు చుక్కల మధ్య సందులో కింది చుక్క వస్తుంది. మూడు నుంచి రెండు వరకు పెడితే వరుసలు 2, 3, 2, మొత్తం ఏడు చుక్కలు. ఐదు నుంచి మూడు వరకు పెడితే 3, 4, 5, 4, 3, మొత్తం 19. ఏడు నుంచి నాలుగు వరకు పెడితే 37. వాకిలి లేని ఫ్లాట్‌లో ఉన్నారా? పళ్లెంలో బియ్యప్పిండి పోసి వేలితో పెట్టొచ్చు. లేదా ఇందాకటి చింతపిక్కలే పేర్చొచ్చు.

ఇప్పుడు ఒకే ఒక చుక్క నుంచి మొదలుపెట్టండి. 1, 7, 19, 37. ఒక్కోసారి ఎన్ని పెరిగాయో పిల్లల్ని లెక్కపెట్టమనండి. ఒకటి నుంచి ఏడుకి ఆరు. ఏడు నుంచి 19కి 12. 19 నుంచి 37కి 18. ఇదేంటి? ఆరో ఎక్కం! ఎందుకలా? పేర్చిన పిక్కల్ని చూస్తే తెలుస్తుంది. మధ్య చుక్క చుట్టూ ఆరు చుక్కల గొలుసు, దాని చుట్టూ 12, దాని చుట్టూ 18. మరి తర్వాతి ముగ్గు, తొమ్మిది నుంచి ఐదు వరకు, ఎన్ని చుక్కలు? పెట్టకుండానే చెప్పగలరా? 37కి 24 కలిపితే 61. పెట్టి లెక్కపెట్టి చూసుకోండి, తేడా రాదు.

ఇంట్లో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలుంటే ఇంకో మెట్టు ఎక్కండి. ఆ అంకెల్ని కలుపుకుంటూ పొమ్మనండి. 1. ఒకటికి ఏడు కలిపితే 8. దానికి 19 కలిపితే 27. దానికి 37 కలిపితే 64. 1, 8, 27, 64. ఘనాలు! రెండు రెళ్లు రెళ్లు ఎనిమిది, మూడు మూళ్లు మూళ్లు ఇరవై ఏడు. ఇంట్లో రూబిక్స్ క్యూబ్ ఉంటే చూపించండి, పొడవు మూడు, వెడల్పు మూడు, ఎత్తు మూడు. తర్వాత 64కి 61 కలపండి, 125. ఐదు ఐదులు ఐదులు. వాకిట్లో వేసే ముగ్గులోంచి క్యూబ్ వచ్చింది చూడండి. ఇది విన్నాక ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లాడు పక్కకి వెళ్తే, వాణ్ణి పిలిచి కూర్చోబెట్టండి.

ఆరోది రెండు నిమిషాల పని. నీడ. మేడ మీద నిటారుగా ఒక సీసా పెట్టి, గంటకోసారి దాని నీడ చివర సుద్దతో గుర్తు పెట్టమనండి. నీడ ఎటు జరుగుతుంది, ఎప్పుడు పొట్టిగా ఉంటుంది, ముందే ఊహించాలి. ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం ఆ నీడ మాయమైపోతుంది కూడా. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కాబట్టి. హైదరాబాద్‌లో అది మే 9, ఆగస్టు 3 ఆ ప్రాంతంలో వస్తుంది. తిరుపతి, నెల్లూరు వైపు ఏప్రిల్ చివర్లోనే వచ్చేస్తుంది, ఆదిలాబాద్ వైపు ఇంకొన్ని రోజులు ఆలస్యం. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి.

చివరి దానికి ఫోన్ కావాలి. అవును, నేనే చెప్తున్నా. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, పిల్లల్ని నానమ్మ దగ్గరికో తాతయ్య దగ్గరికో పంపండి. ఇంటర్వ్యూ వాళ్లదే. ఇప్పుడు ఇంట్లో లేని ఒక వస్తువు గురించి అడగాలి. తిరగలి, గుండిగ, కవ్వం, లాంతరు, ఏదైనా. నానమ్మ చేతులూపుతూ వర్ణిస్తుంది, పిల్లలు అది విని బొమ్మ గీయాలి. తిరగలికి రెండు రాళ్లంటే పక్కపక్కనే గీస్తారు. "కాదు నాన్నా, ఒకదాని మీద ఒకటి" అంటుంది నానమ్మ. మళ్లీ చెరిపి గీస్తారు. పిండి ఎక్కణ్ణుంచి వస్తుంది, గింజలు ఎక్కడ పోస్తారు, ప్రశ్న మీద ప్రశ్న. బొమ్మ పూర్తయ్యాకే గూగుల్‌లో ఫొటో చూపించండి.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలున్న వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. వారానికోసారి వీడియో కాల్‌లో "తిన్నావా, స్కూల్ ఎలా ఉంది" తర్వాత మాటలు అయిపోతాయి కదా. ఈ ఆటతో గంట నడుస్తుంది, అదీ తెలుగులో. ఆ రికార్డింగులు తేదీ వేసి దాచుకోండి. నానమ్మ గొంతు, ఆవిడ మాటలు ఎప్పటికీ అలాగే దొరుకుతాయని అనుకోకండి.

ఇప్పుడు మీకు కొన్ని ప్రాక్టికల్ మాటలు. ఐదేళ్ల పిల్లలు పది నిమిషాలకి లేచిపోతారు, పోనివ్వండి. పసుపు గచ్చుకి అంటుకుంటుంది, ముందే పాత పేపర్లు పరవండి, అయ్యాక ఎత్తే పని పిల్లలతో కలిసి చేయండి, అమ్మ మీద పడేయకండి. ఇద్దరు పిల్లలుంటే పెద్దదాన్ని చిన్నవాడికి నేర్పమనండి. "చెప్పు" అన్న మూడో మెట్టు దానంతట అదే అయిపోతుంది. రీల్ తీయాలనిపిస్తుంది, ఆ అరగంట వద్దు. కెమెరా చూడగానే పిల్లలు ఆడటం మానేసి నటించడం మొదలుపెడతారు. ఇంకోటి, ప్రతి ఆటనీ పాఠం చేయకండి. ఒకరోజు పిక్కలతో ఊరికే ఇల్లు కడతామంటే కట్టనివ్వండి. అందులో లెక్క వెతక్కండి.

అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్ల ఊహ తప్పైనప్పుడు నవ్వకండి. "అరె, నేనూ అలాగే అనుకున్నా, ఎందుకలా అయిందో చూద్దామా?" అనండి. పడవ మునిగినా, దారం తెగినా, ముగ్గు వంకర పోయినా పక్కన కూర్చుని "మళ్లీ చేద్దాం" అనే మనిషి ఒకరుంటే, పిల్లల నోట "నాకు రాదు" అన్న మాట "ఇంకా రాలేదు" అని మారుతుంది. ఆ మనిషిని ఏ యాప్‌లోనూ డౌన్‌లోడ్ చేయలేం. అది మీరే అవ్వాలి.

సరే, ఈ ఆదివారం పని ఇది. ఈ ఏడింటిలో ఒక్కటి ఎంచుకోండి. పసుపు అయితే అందరింట్లో ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి. మీ ఇంటి పిల్లలు ముందు ఏం ఊహించారో, తర్వాత ఏమైందో కామెంట్స్‌లో రాయండి. మీ ఊళ్లో వామనగుంటలు వేరే పద్ధతిలో ఆడితే అది కూడా రాయండి, మా ఇంట్లో ఆడి చూస్తాం.